నిండు బాటిళ్ళు: మా ప్రైమరీ బడిలో ఒక ఆరోగ్య పాఠం

మా బడి గేటు పక్కన ఒక కరివేపాకు చెట్టు ఉంది. కనిగిరి వైపు ఎండలు తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, మార్చి వచ్చేసరికి ఏ మొక్కైనా వడిలిపోవాల్సిందే. ఇది మాత్రం వంటమ్మ రోజూ నాలుగు రెమ్మలు తుంచినా తరగకుండా ఏపుగా ఉండేది. ఎందుకుండదు? సాయంత్రం మూడున్నరకి లాంగ్ బెల్ కొట్టగానే పిల్లలంతా వరుసలో వచ్చి బాటిళ్ళలో మిగిలిన నీళ్ళు దాని మొదట్లో పోసి ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఆ అలవాటు పెట్టింది నేనే. నీళ్ళు వృథా చేయకూడదని నేర్పుతున్నానని చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో గొప్పగా చెప్పుకున్నాను కూడా. అంతమంది బాటిళ్ళలో అన్నేసి నీళ్ళు రోజూ ఎందుకు మిగులుతున్నాయి అన్న ప్రశ్న నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నా బుర్రకి తట్టలేదు.

మాది ఇద్దరు టీచర్ల మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల. ఒకటి, రెండు తరగతులు హెడ్మాస్టర్ గారివి, మూడు నాలుగు ఐదు కలిపి నావి. ఇది జరిగిన ఏడాది నా దగ్గర 31 మంది, 17 మంది అమ్మాయిలు, 14 మంది అబ్బాయిలు. ఎవరి పేరూ రాయను. ఊరి పేరు కూడా వద్దు, చిన్న ఊరు, ఇట్టే పోల్చుకుంటారు.

ఆరోగ్య పాఠాలు నేను చెప్పడం లేదని కాదు. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబరు నుంచి ప్రైమరీ బడుల్లో ఆరోగ్య విద్య, సంబంధాల విద్య తప్పనిసరి చేశారు. మన దగ్గర దానికి విడిగా పుస్తకం లేదు కానీ పరిసరాల విజ్ఞానంలో పాఠాలున్నాయి, ఏడాది పొడవునా పిల్లల్ని అంచనా వేసే సీసీఈ రికార్డులో విలువల విద్య-జీవన నైపుణ్యాలు, ఆరోగ్య-వ్యాయామ విద్య అని గడులున్నాయి. ఆ గడుల్లో ఏం చేస్తామో టీచర్లందరికీ తెలుసు. అందరికీ మంచి గ్రేడ్ వేసి పేజీ తిప్పేస్తాం. 2020లోనే ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లు హెల్త్ అంబాసిడర్లుగా ఉండాలని, 11 అంశాలు చెప్పాలని కార్యక్రమం మొదలైంది. ఇద్దరే ఉన్న బడిలో ఇద్దరమూ అంబాసిడర్లమే అని మా సార్ నవ్వేవారు.

కథ మొదలైంది నాలుగో తరగతి పాప ఒకామెతో. నెలలో రెండు మూడు సార్లు పొత్తికడుపు నొప్పని బడి మానేసేది. బడి ఎగ్గొట్టడానికి వేషాలనుకున్నాను, సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఒకసారి జ్వరం కూడా వస్తే వాళ్ళమ్మ ఆస్పత్రికి తీసుకెళ్ళింది. మూత్రం పరీక్ష చేసి ఇన్ఫెక్షన్ ఉందని మందులిచ్చారట. తర్వాతి సోమవారం ఆమె బడికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడి, "మేడం, డాక్టరమ్మ ఒక మాట అడగమంది. పాప బళ్ళో పాస్‌కి పోతోందా?" అంది.

నాకు కోపమొచ్చింది. మా టాయిలెట్లు ఈ మధ్య కట్టినవే, టైల్సు, కుళాయి, తలుపు, అన్నీ ఉన్నాయి. శుభ్రం చేసే ఆయా ఉంది, నెలకి 6000 ఇచ్చేవారు ఆవిడకి. అప్పట్లో రోజూ పొద్దున్నే నేనే వాటి ఫొటో తీసి యాప్‌లో పెట్టాల్సి వచ్చేది. పాఠం చెప్పడానికి ముందు మరుగుదొడ్డికి ఫొటో తీసే ఉద్యోగమైపోయిందని ఎన్నిసార్లు విసుక్కున్నానో. అలాంటిది నన్నే అడుగుతారా? "ఎందుకు పోదమ్మా, అన్ని సౌకర్యాలూ ఉన్నాయి" అని పంపేశాను. ఆ సాయంత్రం పిల్లలు చెట్టుకి నీళ్ళు పోస్తుంటే ఆ పాప బాటిల్ వైపు చూశాను. మూత దాకా ఉంది. వెనక అమ్మాయిది చూశాను. దానిదీ అంతే. ఆ తర్వాత దానిది కొంచెం తక్కువ.

ఒక వారం ఏమీ మాట్లాడకుండా చూశాను. ఫొటోల్లో కనపడనిది కంటికి కనపడటానికి రెండు రోజులు చాలు. ఇంటర్వెల్‌లో అమ్మాయిలు టాయిలెట్ వైపు గుంపుగా వెళ్తారు, బయట నిలబడతారు, ఇద్దరు లోపలికి పోతారు, మిగతావాళ్ళు కబుర్లు చెప్పుకుని తిరిగి వచ్చేస్తారు. అబ్బాయిలు అసలు అటు పోరు, ప్రహరీ వెనక్కి పరుగు. ఐదో తరగతి అమ్మాయిల్లో ముగ్గురు ఆ వారమంతా పొద్దున తొమ్మిది నుంచి మూడున్నర దాకా ఒక్కసారి కూడా వెళ్ళలేదు. ఆరున్నర గంటలు.

ఇక పాఠం చెప్పాలి కదా, చెప్పాను. చార్టు గీశాను, నీళ్ళు తాగకపోతే ఏమవుతుందో, మూత్రం ఆపుకుంటే ఏమవుతుందో చక్కగా వివరించాను. "నీళ్ళు బాగా?" అంటే "తాగాలి మేడం!" అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు. ఆ సాయంత్రం చెట్టుకి ఎప్పటిలాగే నీళ్ళందాయి. కేరళ బడుల్లో 2019లో మొదలైన వాటర్ బెల్ గురించి విని మేమూ కొట్టి చూశాం. బెల్ కొట్టగానే అందరూ బాటిల్ ఎత్తి, పెదవి తడుపుకుని, మూత పెట్టేశారు. వాళ్ళకి తెలియక కాదు తాగనిది, తాగితే ఏమవుతుందో బాగా తెలిసే తాగడం లేదు. ఈ చిన్న సంగతి అర్థం కావడానికి నాకు చాలా రోజులే పట్టింది.

ప్రశ్నల పెట్టె పెట్టమని ట్రైనింగుల్లో చెప్తారు. అట్టపెట్టెకి రంగు కాగితం అంటించి పెట్టాను, చెప్పలేనివి రాసి వేయమన్నాను. మూడు రోజుల తర్వాత తెరిస్తే, "మేడం మీ చీర బాగుంది", "మాకు డ్రిల్ పీరియడ్ ఎక్కువ కావాలి", ఇంకా ఒక చాక్లెట్ కాగితం. తర్వాత ఒక పిల్ల అసలు సంగతి చెప్పింది: "మా రైటింగ్ మీకు తెలుసు కదా మేడం." నిజమే. 31 మంది చేతిరాతలు రోజూ దిద్దేదాన్ని, పేరు రాయొద్దంటే మాత్రం దాగుతుందా!

అందుకని రాత మానేసి బొమ్మ పెట్టుకున్నాం. నల్లబల్ల మీద బడి పటం గీశాను. గేటు, వరండా, గదులు, వంటషెడ్డు, కుళాయిలు, టాయిలెట్లు, ప్రహరీ, చెట్టు. అదే పటం ఒక్కొక్కరికీ జిరాక్స్ తీసిచ్చి, ఇష్టమైన చోట ఆకుపచ్చ, పోబుద్ధి కాని చోట ఎరుపు వేయమన్నాను. మాటా లేదు, చేతిరాతా లేదు. పటాలన్నీ కలిపేసి తర్వాత గోడకి అంటించాను. పిల్లలు కూడా ఒకరివొకరు చూసి, "నీక్కూడా అక్కడేనా?" అనుకున్నారు. ఈ మొత్తం పనిలో ఇంకో బడికి పట్టుకెళ్ళదగ్గది ఒక్కటే అడిగితే ఇదే చెప్తాను.

అమ్మాయిల టాయిలెట్ రెండిట్లో లోపలిది దాదాపు అందరి పటంలోనూ ఎర్రగా ఉంది. అది నేను ఊహించిందే. ఊహించనిది, వంటషెడ్డు పక్క కుళాయి దగ్గర చిన్నపిల్లలు వేసిన ఎరుపు. పెద్ద తరగతి అబ్బాయిలు అక్కడ ప్లేట్లు కడిగేటప్పుడు తోసేస్తారట, అందుకని చేతులు కడగకుండానే అన్నానికి కూర్చునేవాళ్ళు కొందరు. ఇంకో పటంలో నా టేబుల్ ఎర్రగా ఉంది. దాని సంగతి వస్తాను.

పటం గోడ మీదికొచ్చాక నోళ్ళు తెరుచుకున్నాయి. లోపలి టాయిలెట్‌కి గడియ ఉంది కానీ పైన ఉంది, పెద్దవాళ్ళ ఎత్తుకి బిగించారు, మూడో తరగతి పిల్లకి అందదు. అందుకే గుంపుగా వెళ్ళడం, ఒకత్తె లోపల ఉంటే ఇంకొకత్తె తలుపు పట్టుకోవడం. పట్టుకున్నది నవ్వి వదిలేస్తుందేమోనని భయం. బల్బు లేదు. మగ్గు పగిలింది. పొద్దున ఎనిమిదిన్నరకి ఆయా కడిగి, నేను ఫొటో తీసి, ఒంటిగంటయ్యేసరికి అది ఎలా ఉంటుందో నేనెప్పుడూ వెళ్ళి చూడలేదు. పైగా పలచటి గోడ అవతల అబ్బాయిలు. చప్పుడు వినపడితే బయట ఎకసెక్కాలు. ఆడపిల్లలకి వేరుగా మరుగుదొడ్డి ఉండాలని విద్యాహక్కు చట్టం 2009లోనే రాసింది. వేరుగానే ఉంది మరి, గడియ ఎత్తు ఎంతుండాలో చట్టంలో ఉండదు.

ఇక నా టేబుల్. మా క్లాసులో పాస్‌కి వెళ్ళాలంటే లేచి, నా టేబుల్ దగ్గరికొచ్చి, చిటికెన వేలు చూపించి అడగాలి. అందరూ చూస్తారు. రెండు వేళ్ళు చూపిస్తే ఇక నవ్వులే. నేనేమనేదాన్ని? "ఇప్పుడే కదా ఇంటర్వెల్ అయింది, కూర్చో." ఎన్ని వందల సార్లు అని ఉంటానో ఆ మాట. పిల్లలు నాటకాలాడతారనే అనుమానంతో అన్నదే, కొందరు ఆడతారు కూడా. కానీ ఆ మాట ఒకడికి అంటే ముప్పైమందికీ వినపడుతుంది.

మరి నా సంగతి? ఆ రోజు స్టాఫ్ గదిలో కూర్చుంటే ఎదురుగా బల్ల మీద నా స్టీలు బాటిల్ ఉంది. ఎత్తి చూశాను, నిండుగా. పధ్నాలుగేళ్ళ సర్వీసులో నేనూ బడిలో నీళ్ళు తాగను. మొదటి పోస్టింగ్ వచ్చిన బడిలో టాయిలెట్ లేదు, అప్పుడు పట్టిన అలవాటు. దానివల్ల మాత్రలు వేసుకున్న రోజులూ ఉన్నాయి. చార్టు ముందు నిలబడి పిల్లలకి చెప్పింది నేను ఒక్కనాడూ చేయలేదు. టీచర్లు చదువుతుంటే, ముఖ్యంగా ఆడవాళ్ళు, మీ బాటిల్ ఒకసారి చూసుకోండి.

పనుల్లో సులువైనవి సులువుగానే అయ్యాయి. గడియ కిందికి మార్చడానికి ఊళ్ళో వెల్డింగ్ షాపు అబ్బాయి పది నిమిషాలు తీసుకున్నాడు, డబ్బులు కూడా వద్దన్నాడు, మా పాత విద్యార్థే. బల్బు కోసం ఐదో తరగతి తెలుగులో లేఖారచన ఉంది కదా, సర్పంచ్ గారికి నిజం ఉత్తరమే రాయించాను. "గౌరవనీయులైన" అనే మాటలో దీర్ఘం ఎక్కడ పెట్టాలో అన్ని ఏళ్ళలో ఎప్పుడూ అంత శ్రద్ధగా నేర్చుకోలేదు వాళ్ళు. బల్బు వారంలో వచ్చింది. ఆయాతో మాట్లాడి, పొద్దున ఒకసారి, ఇంటర్వెల్ తర్వాత ఒకసారి కడిగేలా మార్చుకున్నాం. ఆవిడ చెప్పిన ఒక చిట్కా నా చార్టులన్నిటికంటే పనికొచ్చింది: "కూర్చోబోయే ముందు ఒక మగ్గు పోయండి, తర్వాత రెండు పోయండి. ముందు తడిపితే ఏదీ అంటుకోదు." ఆవిడ చేతే క్లాసులో చెప్పించాను. బడిలో ఇన్నేళ్ళుగా ఉన్న మనిషిని పిల్లలు మొదటిసారి "టీచర్" అన్నారు, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

అడిగి వెళ్ళే పద్ధతి తీసేశాను. గుమ్మం పక్కన మేకుకి రెండు రబ్బరు గాజులు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. కావాల్సినవాళ్ళు గాజు చేతికి వేసుకుని చెప్పకుండా వెళ్ళొచ్చు, వచ్చాక తగిలించాలి. మొదటి వారం గాజులు మేకు మీద నిలవలేదు, అందరూ షికారుకి పోయారు. సార్ "నేను చెప్పలేదా" అన్నట్టు చూశారు. రెండో వారానికి మోజు తీరింది. ఇప్పుడు ఒక్కోసారి గంటసేపు కదలవు.

తర్వాతే పాఠాలు మొదలుపెట్టాను. ముందు లెక్కల పీరియడ్‌లో: వయసుకి రెండు కలిపి ముప్పైతో గుణిస్తే మన మూత్రాశయంలో సుమారు ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో వస్తుంది. తొమ్మిదేళ్ళవాళ్ళకి 330. స్టీలు గ్లాసుతో అన్ని నీళ్ళు కొలిచి బెలూన్‌లో పోసి, మూతి వేళ్ళతో బిగించి పట్టుకోమన్నాను. "ఇది పొద్దున పదకొండుకి నిండిందనుకోండి, మూడున్నర దాకా ఇలాగే పట్టుకోవాలి." రెండు నిమిషాలకే వేళ్ళు నొప్పంటున్నారు. ఒకడు ఇంకా నీళ్ళు పోస్తానని పోసి పోసి నా హాజరు రిజిస్టర్ మీద పగలగొట్టాడు. ఆ నెల రిజిస్టర్‌లో ఇంకా నీలం మరకలున్నాయి. నిలవ ఉన్న మూత్రంలో క్రిములు పెరుగుతాయని, అమ్మాయిలకి ఆ దారి పొట్టిది కాబట్టి ఇన్ఫెక్షన్ త్వరగా వస్తుందని, కడుక్కునేటప్పుడు ముందు నుంచి వెనక్కి కడుక్కోవాలని చెప్పాను. ఈ చివరి మాట పెద్దవాళ్ళలో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

ఈ సందట్లో ఒక మూడో తరగతి అబ్బాయి దగ్గరికొచ్చి గుసగుసగా, తనకి మలం నల్లగా వస్తోందని చెప్పాడు. వారానికోసారి ఇచ్చే గులాబీ రంగు ఐరన్ మాత్ర వల్ల కొందరికి అలా వస్తుంది, ప్రమాదం లేదు, ఇంకా వస్తుంటే చెప్పమన్నాను. వాడు నెల రోజులుగా చచ్చిపోతానేమోననుకుంటున్నాడట. నెల రోజులు! ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మాత్ర మింగించేటప్పుడు ఈ ఒక్క ముక్క నేను చెప్పి ఉంటే సరిపోయేది.

చేతులు కడిగే పాఠం నవ్వులాటైంది. క్రిములు ఎలా అంటుకుని ఉంటాయో చూపించడానికి అరచేతికి నూనె, పసుపు రాసి, ఉత్త నీళ్ళతో కడగమన్నాను, పోలేదు. ఇప్పుడు సబ్బుతో అన్నాను. సబ్బు తగలగానే పసుపు కాస్తా ఎర్రబడింది. ఒక చిన్నది రక్తమనుకుని ఏడుపు. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని తెలిసీ సబ్బు కూడా క్షారమేనని నాకు ముందు గుర్తు రాలేదు. క్రిముల పాఠం పోయి పెళ్ళి పాఠం అయింది, అమ్మాయిలంతా కాళ్ళకి రాసుకుంటామని గోల. మర్నాడు ముగ్గులో వేసే రంగుతో చేశాను, అది కుదిరింది. సబ్బులు మాత్రం నిలవలేదు. సగం కాకులెత్తుకుపోయాయి, నిజంగానే. చివరికి మూతకి చిల్లు పెట్టిన బాటిల్లో సబ్బునీళ్ళు కుళాయికి కట్టాం.

అన్నిటికన్నా కష్టమైంది మాటలు. ఇక్కడ కాస్త ఆగుతాను.

మన భాషలో ఈ పనికి ఎన్ని పేర్లున్నాయో చూడండి. ఒంటికి, రెంటికి, పాస్‌కి, దొడ్డికి, బయటికి, చెంబుకి. అన్నీ ఏదో ఒక చాటు నుంచి చెప్పే మాటలే. పనికే ఇలా ఉంటే, ఒంట్లో ఆ చోటుకి? పసిపిల్లలకి "షేమ్ షేమ్" అంటాం. కొంచెం పెద్దయితే "సిగ్గు చోటు". చార్టులో "రహస్యాంగాలు" అని ఉంటుంది. నేను కూడా ఏళ్ళ తరబడి "గుడ్ టచ్, బ్యాడ్ టచ్" పాఠంలో ఆ మాటే వాడాను. ఈసారి ఒక ఐదో తరగతి అమ్మాయి చెయ్యెత్తి అడిగింది: "మేడం, ఎవరైనా రహస్యంగా ఉంచమంటే ఉంచకూడదు, అమ్మకి చెప్పాలన్నారు కదా. మరి రహస్యాంగాలంటే రహస్యంగా ఉంచాలి కదా?"

సమాధానం లేదు నా దగ్గర. పిల్ల చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అక్కడ నొప్పిగా ఉందని చెప్పాలంటే ముందు దానికి సిగ్గు లేని పేరు కావాలి. కడుపు నొప్పని బడి మానేసిన ఆ పాపకి నిజానికి నొప్పి కడుపులో కాదు, మంట మూత్రం వచ్చే చోట. ఆ మాట లేక కడుపంది. మేమంతా కడుపనే నమ్మాం.

చర్చించుకుని చివరికి ఖాయం చేసుకున్నవి మామూలు మాటలే: మూత్రం వచ్చే చోటు, మలం వచ్చే చోటు, మొత్తంగా కలిపి "నా సొంత చోట్లు". అందమైన తెలుగు కాదు. కానీ "సొంత" అనే మాట పిల్లలకి బాగా పట్టింది, నా పలక, నా చెప్పులు అన్నంత గట్టిగా పట్టుకున్నారు. గుడ్, బ్యాడ్ కూడా వదిలేశాను. ఎందుకంటే పిల్లల్ని విడివిడిగా అడిగితే, ఇంజక్షన్ వేసే నర్సుది బ్యాడ్ టచ్, ఎందుకంటే నొప్పి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని చక్కిలిగింతలు పెట్టేవాళ్ళది గుడ్ టచ్, ఎందుకంటే నవ్వొస్తుంది అన్నారు. మంచీ చెడూ కాదు, ఎవరు, ఎక్కడ, ఎందుకు, చెప్పొద్దన్నారా అని అడగడం నేర్పాను. చెప్పొద్దంటే వెంటనే చెప్పాలి. ఇంట్లో ఒకరు, బడిలో ఒకరు, ఎవరికి చెప్తారో ముందే అనుకుని ఉండాలి. వాళ్ళు వినకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ఈ పాఠం తర్వాత ఒక బిడ్డ నాతో ఒక విషయం చెప్పింది. అది ఇక్కడ రాయను. టీచర్ల కోసం ఇంతమాత్రం: పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం, 2012 ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకి తెలియజేసి తీరాలి, ఊరి పెద్దలతో మాట్లాడి సర్దుబాటు చేయడం మన పని కాదు, చెప్పకపోవడమే నేరం. పాఠం చెప్పే ముందే ఆ తర్వాత ఏం చేయాలో హెడ్మాస్టర్‌తో కూర్చుని మాట్లాడుకోండి. మేము మాట్లాడుకోలేదు, ఆ రోజు మాకు చేతులు వణికాయి.

ఊళ్ళో మాట పాకింది. ఒక తండ్రి వచ్చి, "ఆడపిల్లలకి ఇయ్యన్నీ బళ్ళో చెప్పాల్సిన అవసరమేంది మేడం?" అన్నాడు. గట్టిగానే అన్నాడు. వాదించలేదు, తల్లుల మీటింగ్ పెట్టాను, బెలూన్, పటాలు అన్నీ చూపించాను. పటాల దగ్గర అందరూ చాలాసేపు నిలబడ్డారు. వెనక కూర్చున్న ఒక అవ్వ మొదలుపెట్టింది: "మా కాలంలో పొద్దుగూకేదాకా ఓర్చుకునేవాళ్ళం. కంపచెట్ల చాటుకి పోవాలంటే చీకటి పడాల. పొద్దున తెల్లారకముందు, మళ్ళీ పొద్దుగూకినాక. నడిమధ్య నీళ్ళు తాగితే కదా!" అంది. ఇంకొకామె, "ఇప్పటికీ బస్సెక్కే ముందు మా పిల్లకి నీళ్ళు తాగబాక అంటా" అంది. మిగతావాళ్ళు నవ్వారు, నవ్వి ఊరుకున్నారు. పిల్లలు ఆపుకోవడం బడిలో నేర్చుకోలేదు, ఇంట్లోంచే తెచ్చుకున్నారు, వాళ్ళమ్మలు వాళ్ళమ్మల దగ్గర నేర్చుకున్నట్టే. అందుకే పాఠం పిల్లలకొక్కటే చెప్తే సగమే అవుతుంది. ఆ తండ్రి తర్వాత మళ్ళీ రాలేదు, ఒప్పుకున్నాడో ఇంట్లో ఆమె ఊరుకోమందో తెలియదు.

అబ్బాయిల సంగతి ఒప్పుకోవాలి, అంత బాగా జరగలేదు. ప్రహరీ గోడ ఇప్పటికీ తడుస్తూనే ఉంది. ఎకసెక్కాలు ఆగడానికి నేను చేసిన ఉపన్యాసాలేవీ పనిచేయలేదు. కొంచెం పనిచేసింది ఒకటే, ఒకరోజు "మీ ఇంట్లో ఎవరెవరు పాస్‌కి వెళ్ళరో చెయ్యెత్తండి" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. "మరి ఎవర్ని చూసి నవ్వుతున్నారు?" అంటే ఒకడు "చప్పుడొస్తే నవ్వొస్తుంది మేడం" అన్నాడు. నిజాయితీగా చెప్పాడు, నాక్కూడా నవ్వొచ్చింది. చివరికి టాయిలెట్ కుళాయి కొంచెం తిప్పి ఉంచితే ఆ చప్పుడులో ఈ చప్పుడు కలిసిపోతుందని అమ్మాయిలే ఉపాయం కనిపెట్టారు. నీళ్ళు వృథా కదా అంటే, బకెట్ పెట్టారు కింద.

టీచర్లు తమ క్లాసు సమస్య మీద చేసే యాక్షన్ రీసెర్చ్ రాసేటప్పుడు ముందు పరీక్ష, తర్వాత పరీక్ష, శాతాలు వేయమంటారు. నా దగ్గర శాతాలు లేవు. ఆ పాప ఆ ఏడాది రెండో అర్ధభాగంలో కడుపు నొప్పితో మానేసింది ఒక్కసారే. మందుల వల్లా, గడియ వల్లా అంటే రెండూ అంటాను. ఐదో తరగతిలో ముగ్గురు వెళ్ళనివాళ్ళలో ఇద్దరు వెళ్తున్నారు. మూడో అమ్మాయి ఇప్పటికీ వెళ్ళదు, మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తి వస్తుంది. ఇల్లు దగ్గరే, పోనీలే అని ఊరుకున్నాను. మళ్ళీ చేయాల్సొస్తే పటంతోనే మొదలుపెడతాను, చార్టు గీయను, తల్లుల మీటింగ్ ముందే పెడతాను, అబ్బాయిలతో సార్‌ని మాట్లాడమంటాను. నేనడిగితే వాళ్ళు నేల చూపులు చూస్తారు.

ఇక కరివేపాకు చెట్టు. జనవరి నుంచి ఆకులు పండబారాయి. వంటమ్మే ముందు గమనించి, "చెట్టుకేందో తెగులొచ్చింది మేడం" అంది. తెగులు కాదు, సాయంత్రం బాటిళ్ళలో పోయడానికి ఏమీ ఉండటం లేదు. ప్లేట్లు కడిగిన నీళ్ళు దాని మొదట్లోకి మళ్ళించేలా మూడో తరగతి పిల్లలు చిన్న కాలువ తీశారు, మళ్ళీ చిగురేసింది. ఆయా సెలవు పెట్టిన రోజు మాత్రం దానికి పాత పద్ధతిలోనే నీళ్ళందుతున్నాయి.